తొలికాపు

తొమ్మిదో తరగతి బి సెక్షన్‌కి
శనివారం ఆఖరి పీరియడ్ సంగీతం.
దానికంటూ గది లేదు, సైన్సు ల్యాబులోనే.
నలభై మూడు మందిమి, ఆరు గిటార్లు,
అద్దాల బీరువాలో ఒక అస్థిపంజరం.

దీవెనరావు సారు దాని ఎడమచెయ్యి పైకెత్తి
మాకు వేళ్ళు లెక్కపెట్టించాడు.
చూపుడు ఒకటి, మధ్యది రెండు,
ఉంగరం మూడు, చిటికెన నాలుగు.
"మరి బొటనవేలు సార్?" అన్నాడు నాగూర్ వలీ.
"అది వెనకుంటుందిరా. మోసేవాళ్ళకి నంబరుండదు."

ఫిజిక్సు మేడమ్ దగ్గర శృతిదండం అరువు తెచ్చి
మోకాలికి కొట్టి చెవికి ఆనించుకుంటాడు.
మూడువందల ఇరవై అని చెక్కి ఉంటుంది దాని మీద.
సన్నతీగకి కావాల్సింది ఇంకో తొమ్మిదో పదో పైనట.
అంటే మా గిటార్లు
లోకం కంటే ఒక పిసరు కిందే మోగుతాయి.
"ఆరూ కలిసి తగ్గితే తప్పులేదమ్మా,
ఎవరికి వాళ్ళు తగ్గితేనే అపస్వరం."

నా వంతుకి అయిదు నిమిషాలు.
మొదటి కార్డు ఇ మైనర్. రెండువేళ్ళు చాలు.
నొక్కి మీటితే
తడి గోనెసంచి మీద కర్ర పడ్డ చప్పుడు.
"బలం కాదు కెజియా, మెట్టు పక్కకి జరుగు."
జరిగాను. అప్పుడొచ్చింది ఒకటి, సన్నగా,
నాదేనా అని వెనక్కి తిరిగి చూసుకున్నా.

గిటారు దొరకని ముప్ఫై ఏడు మందికీ
పక్కవాళ్ళ ముంజెయ్యే గిటారు.
భార్గవి నా చేతిమీద సి పెడుతుంది, డి పెడుతుంది.
కళ్ళు మూసుకుని చెప్పేస్తా ఏ కార్డో.
తప్పు వేలైతే గిల్లుతా.

ఆదివారం అమ్మతో తొడిమలు తీయడానికి పోతా.
అక్కడ పని బొటనవేలిదీ చూపుడువేలిదీ,
లెక్క మాత్రం కిలోలది.
తీగ కోసిన చోట మిరపఘాటు దిగి
ఆ రాత్రి నాలుగువేళ్ళూ మజ్జిగ గిన్నెలో ముంచుకుని
గడప మీద కూర్చున్నా.
నిద్ర రాక, మజ్జిగలోనే
సి నుంచి జికి మార్చి చూశా. మళ్ళీ మార్చా.
మజ్జిగ ఏమీ మోగలేదుగానీ
వేళ్ళకి దారి తెలిసింది.

పదిహేను రోజులకి
జడ వేస్తూ వేస్తూ అమ్మ నా చెయ్యి పట్టుకుంది.
కొసలు ఒక్కొక్కటే తడిమి
"ఏందే ఇది, కాయలు కాచినయ్యి?" అంది.
తన వేళ్ళు నా వేళ్ళ పక్కన పెట్టింది,
కల్లంలో రాశి పక్కన రాశి పోసినట్టు.
"నాది ముదురు కాపు,
నీది తొలికాపు" అని నవ్వి
జడ ఎక్కడిదాకా వేసిందో మర్చిపోయి
మళ్ళీ మొదటినుంచి విప్పింది.

మొన్న శనివారం
ఆరుగురం ఒక్కసారే జి నుంచి సికి దాటాం.
దాటేటప్పుడు నడుమ ఒక చిన్న ఖాళీ.
నెహ్రూనగర్ గేటులో రైలు పోయాక
ఎవరు ముందు కదలాలో తెలియక
బళ్ళన్నీ ఆగుతాయే, అలాంటిది.
సారు మెచ్చుకోలేదు.
"ఇంకోసారి" అన్నాడంతే.

ఎఫ్ సంగతి మాత్రం అడక్కండి.
ఒక్క చూపుడువేలిని అడ్డంగా పడుకోబెట్టి
ఆరు తీగలూ అణచాలట.
నాకు మూడు వినబడతాయి,
మిగతా మూడూ మూతి ముడుచుకుంటాయి.

గంట కొట్టారు. మేడమొచ్చి శృతిదండం పట్టుకుపోయింది.
బస్సులో చూసుకుంటే
భార్గవి నొక్కిన డి
ఇంకా నా ముంజేతి మీద మూడు గుంటలుగా ఉంది.
లాడ్జి సెంటర్ దాటేలోపు చెరిగిపోతుందని
కుడిచేత్తో ఒకసారి మీటి చూశా.

పక్కసీటు పెద్దావిడ
"దోమలా పాపా?" అంటూ
కిటికీ అద్దం మూసింది.